టెస్ట్ డ్రైవ్‌కి అత్తయ్యగారిని కూడా ఎక్కించుకోండి: ఎక్స్1, జీఎల్ఏ, క్యూ3ల్లో ఏది?

షోరూమ్ వాళ్లు ఇచ్చే టెస్ట్ డ్రైవ్ ఎలా ఉంటుందో ఒకసారి వెళ్లినవాళ్లకి తెలుసు. మనం వెళ్లేసరికే కారు ఏసీ వేసి చల్లగా ఉంటుంది. పాటలు సన్నగా మోగుతుంటాయి. సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుని "సర్, ఇక్కడ లెఫ్ట్, ముందు యూటర్న్" అంటూ నున్నటి రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తెస్తాడు. దిగేసరికి కాఫీ రెడీ. అంతే, పావుగంట కూడా పట్టదు. పదివేల చీర కొనడానికి కొట్లో రెండు గంటలు కూర్చునే ఇంట్లోనే, అరవై లక్షల కారు విషయం పావుగంటలో తేలిపోతుంది.

మా బావగారి విషయంలో అలా తేలలేదు. ఆయనది కూకట్‌పల్లి, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. నెలకోసారి ఖమ్మం వెళ్లొస్తారు. ఇంట్లో అక్క, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు, అంటే బావగారి అమ్మ. ఇన్నాళ్లూ నడిపింది మారుతి, తర్వాత హ్యుందాయ్. "ఈసారి కొంచెం మంచిది కొందాంరా, మరీ పెద్దది వద్దు, మా సెల్లార్‌లో పట్టాలి" అన్నారు. కొంచెం మంచిది, మరీ పెద్దది కాదు అనగానే జాబితా దానంతటదే మూడు పేర్లకి వస్తుంది: బీఎండబ్ల్యూ ఎక్స్1, మెర్సిడెస్ జీఎల్ఏ, ఆడి క్యూ3. రెండు నెలల ఆదివారాలు వీటికే పోయాయి. కార్లు చూడటం సరదా కాబట్టి నేను తోడు. ఆ తిరుగుళ్లలో మాకు తెలిసినవి, ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేవి ఇవి.

కాగితం మీద ఎవరు ఏంటి

ఇది త్వరగా చెప్పేస్తాను. బ్రోషర్లు మీరూ చదవగలరు.

ఎక్స్1 ఈ తరం కారు 2023 జనవరిలో మన దగ్గరికి వచ్చింది. పెట్రోల్ 1.5 లీటర్లు, మూడు సిలిండర్లు, 136 హార్స్‌పవర్. డీజిల్ 2 లీటర్లు, 150 హార్స్‌పవర్, 360 ఎన్ఎం టార్క్, అంటే లాగే బలం. రెండూ ముందు చక్రాలతోనే లాగుతాయి. చెన్నైలో బిగిస్తారు.

జీఎల్ఏ మెరుగులు దిద్దిన రూపంలో 2024 జనవరి చివర్లో వచ్చింది. జీఎల్ఏ 200లో 1.3 లీటర్ల పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 163 హార్స్‌పవర్. 220డీలో 2 లీటర్ల డీజిల్, 190 హార్స్‌పవర్, 400 ఎన్ఎం, నాలుగు చక్రాల డ్రైవ్. ఇది పుణె దగ్గర చాకన్ నుంచి వస్తుంది. ఆ 1.3 పెట్రోల్ ఇంజన్ మెర్సిడెస్ ఒక్కరే చేసింది కాదు, రెనో-నిస్సాన్‌తో కలిసి చేసింది. అదే కుటుంబపు ఇంజన్ 2020లో మన డస్టర్‌లో కూడా వచ్చింది. ఇది విని మొహం ముడుచుకోనక్కర్లేదు, మంచి ఇంజనే. కాకపోతే "జర్మన్ ఇంజనీరింగ్ సర్" అని సేల్స్ అబ్బాయి మరీ ఎత్తుకున్నప్పుడు మనసులో గుర్తుంచుకోండి.

క్యూ3 2022 ఆగస్టులో వచ్చిన రెండో తరం. ఒకటే ఇంజన్: 2 లీటర్ల పెట్రోల్, 190 హార్స్‌పవర్, 320 ఎన్ఎం, నాలుగు చక్రాల డ్రైవ్, ఆడి వాళ్లు దాన్ని క్వాట్రో అంటారు. డీజిల్ లేదు. ఔరంగాబాద్‌లో, అంటే ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్‌లో, తయారవుతుంది. మూడో తరం క్యూ3ని కంపెనీ 2025 జూన్‌లో ప్రపంచానికి చూపించేసింది కాబట్టి, మీరు వెళ్లేసరికి షోరూమ్‌లో నిలబెట్టింది ఏ తరం కారో అన్నిటికంటే ముందు అడగండి. పాతదైతే బేరానికి అదే మీ మొదటి ఆయుధం.

భద్రతలో మూడింటికీ యూరో ఎన్‌క్యాప్, అంటే కార్లని ఢీకొట్టించి పరీక్షించే యూరప్ సంస్థ, ఇచ్చిన 5 స్టార్లు ఉన్నాయి. పరీక్షించిన ఏళ్లు మాత్రం వేరు: క్యూ3 2018, జీఎల్ఏ 2019, ఎక్స్1 2022. ఏటికేడు పరీక్ష కఠినమవుతుంది కాబట్టి ఈ స్టార్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. పైగా అవి యూరప్ కార్లకు ఇచ్చినవి. అక్కడ ఉండే సేఫ్టీ ఫీచర్లన్నీ మన వేరియంట్‌లో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ అడిగి రాయించుకోవాలి.

డ్రైవర్ సీటు ఎక్కకముందు వెనక సీటు

మొదటి ఆదివారం బావగారు, నేను ఇద్దరమే వెళ్లాం. మూడు షోరూమ్‌లూ తిరిగి, మూడు కార్లూ నడిపి, క్యూ3 అని తేల్చేసుకుని వచ్చాం. దానికి పికప్ అలాంటిది మరి. రెండో ఆదివారం అత్తయ్యగారిని తీసుకెళ్లాం. తీర్పు తలకిందులైంది.

ఇక్కడే ఒక అంకె చెప్పాలి. వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, ఎక్కువుంటే వెనక చోటు ఎక్కువ అని అందరం అనుకుంటాం. కాగితం మీద జీఎల్ఏ వీల్‌బేస్ 2729 మిల్లీమీటర్లు, ఎక్స్1ది 2692, క్యూ3ది 2680. అంటే జీఎల్ఏ వెనక సీటు విశాలంగా ఉండాలి కదా? కాళ్లు చాపుకోవడానికి బాగానే ఉంది. కానీ అత్తయ్యగారు కూర్చోగానే మోకాళ్లు పైకి లేచాయి, తొడల కింద సీటు ఆనలేదు. పది నిమిషాలు కూర్చోబెట్టి అడిగితే "బానే ఉంది గానీ పీట మీద కూర్చున్నట్టుందిరా" అన్నారు. ఎక్స్1లో నేరుగా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆ కారు ఎత్తు 1642 మిల్లీమీటర్లు, జీఎల్ఏ కంటే కాస్త ఎక్కువ. ఆ కాస్త ఎత్తే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ప్రాణం పోసినట్టుంటుంది.

క్యూ3 వెనక సీటుకి ఒక సుగుణం ఉంది. సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, వీపు వాలు కూడా మార్చుకోవచ్చు. పూర్తిగా వెనక్కి జరిపి కాస్త వాల్చితే ఇద్దరికి హాయిగా ఉంటుంది. మూడో మనిషి కూర్చుంటే మాత్రం మధ్యలో నేల మీద గట్టులా లేచిన చోట కాళ్లు ఎటు పెట్టాలో తెలియదు. ఆ గట్టు మూడింటిలోనూ ఉంది, కానీ క్యూ3లో మా పెద్దవాడు రెండు నిమిషాలకే గొడవ మొదలెట్టాడు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని షోరూమ్ లోపల మెరిసే నేల మీద కూర్చోబెట్టి చూడకండి. బయట, రోడ్డు వారగా ఆపిన కారులో ఎక్కించండి, దింపండి, మళ్లీ ఎక్కించండి. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కాలు లోపల పెట్టేటప్పుడు గడప అడ్డొస్తోందా, తలుపు ఎంత తెరుచుకుంటోంది, పట్టుకోవడానికి పైన పిడి చేతికి అందుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. దిగేటప్పుడు కాలు నేలకి ఆనడం ఇంకా ముఖ్యం. ఎక్కడం అందరూ చూస్తారు, దిగడం ఎవరూ చూడరు.

డిక్కీ సంగతి కూడా ఇప్పుడే. క్యూ3ది 530 లీటర్లు అని రాసుంటుంది. లీటర్లతో మనకేం పని? మేము ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు, అత్తయ్యగారి వాకర్ పట్టుకెళ్లి మూడింటిలోనూ పెట్టి చూశాం. షోరూమ్‌లో ఉన్నవాళ్లు వింతగా చూశారు. చూడనివ్వండి. ఖమ్మం నుంచి పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు మామిడికాయల పెట్టెలు తెచ్చుకునేది మనం, వాళ్లు కాదు. డిక్కీ నేల ఎత్తి స్టెప్నీ ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా చూడండి. ఈ తరగతి కార్లలో మామూలు స్టెప్నీ బదులు సన్న టైరు ఇవ్వడం, లేదంటే గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఇవ్వడం మామూలే. సూర్యాపేట దాటాక పంక్చర్ పడితే ఈ తేడా ఏంటో అర్థమవుతుంది.

రూటు వాళ్లది కాదు, మీది

బుక్ చేసేటప్పుడే చెప్పండి: గంట కావాలి, రూటు నేను చెబుతాను, కుటుంబంతో వస్తాను. ఒప్పుకోని చోట మర్యాదగా నమస్కారం పెట్టి రండి. కారు అమ్మకముందే గంట ఇవ్వనివాళ్లు అమ్మాక సర్వీసులో ఎంత టైమిస్తారో ఊహించుకోవచ్చు. నడిపేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. గీత పడితే, ఢీకొడితే ఖర్చు ఎవరిదన్నది అందులో ఉంటుంది. చదవకుండా పెట్టకండి.

మా రూటు ఇలా కుదుర్చుకున్నాం. మొదట జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్లు. అక్కడ ఎత్తులో ఆపి, బ్రేక్ మీద కాలు తీసి, మళ్లీ కదిలించి చూడాలి. కారు వెనక్కి జారుతోందా, ఆగి పట్టుకుంటోందా? ఐదుగురు కూర్చుని, ఏసీ ఫుల్లుగా పెట్టి ఎత్తెక్కితేనే ఎక్స్1 పెట్రోల్ అసలు స్వరూపం తెలుస్తుంది. ఒక్కరే ఉంటే హుషారుగానే ఉంటుంది. నిండా మనుషులుంటే ఆ మూడు సిలిండర్ల ఇంజన్ కాస్త గొంతు పెంచి లాగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద వేళ్లు ఉంచి చూడండి, సన్నటి వణుకు తెలుస్తుంది. అది పట్టించుకునేవాళ్లుంటారు, పట్టించుకోనివాళ్లుంటారు. బావగారు రెండో రకం. నేను మొదటి రకం.

తర్వాత ట్రాఫిక్. ఇది అందరూ తప్పించుకోవాలని చూస్తారు. నేను మాత్రం వెతుక్కుంటూ వెళ్లమంటాను. ఈ మూడు కార్లలోనూ ఉన్నది డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే ఆటోమేటిక్. రోడ్డు ఖాళీగా ఉంటే ఇలాంటి గేర్‌బాక్స్‌కి సాటి లేదు, గేరు మారిందని కూడా తెలియదు. కానీ సాయంత్రం ఆరు గంటలకి జేఎన్‌టీయూ దగ్గర అడుగడుగూ పాకేటప్పుడు, లోపల క్లచ్ పట్టాలా వదలాలా అని తటపటాయిస్తుంది. అప్పుడు చిన్న కుదుపు. బ్రేక్ సగం వదిలి, రెండు మీటర్లు పాకించి, మళ్లీ ఆపి చూడండి. ఇలా పదిసార్లు. రోజూ గంటన్నర ఈ రోడ్డు మీదే గడిపేవాడికి జీరో నుంచి వంద ఎన్ని సెకన్లలో అన్నదానికంటే ఈ రెండు మీటర్లే ముఖ్యం.

ఫ్లైఓవర్ల అతుకులు ఇంకో మంచి పరీక్ష. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద పాటలు ఆపేసి వెళ్లండి. ఒక్కో అతుకు దగ్గర టక్కుమనే చప్పుడు కింద నుంచి వస్తోందా, నడుములోకి వస్తోందా? ముందు సీట్లో ఒకలా, వెనక సీట్లో ఇంకోలా ఉంటుంది. అందుకే సగం దారిలో నేను వెనక్కి మారాను. పెద్ద అలాయ్ చక్రాలు, పలచటి టైర్లు ఫొటోల్లో అందంగా ఉంటాయి. గుంతలో పడితే ఆ అందమంతా వెన్నుపూసకి తెలుస్తుంది. ఎక్కేముందు తలుపు దగ్గర స్టిక్కర్ మీద టైర్లలో గాలి ఎంతుండాలో చూసి, కారు స్క్రీన్ మీద ఎంతుందో పోల్చండి. మేము నడిపిన ఒక డెమో కారులో గాలి చాలా తక్కువ ఉంది. మెత్తగా సాగుతోందని మురిసిపోయాం, కారణం అదీ!

ఆఖరున ఓఆర్ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు. మొత్తం 158 కిలోమీటర్లు, మొదటి రెండు లేన్లలో 120 దాకా వెళ్లొచ్చు. మనకి ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్ దాకా చాలు. టోల్ మేమే కట్టాం. వంద దగ్గర నిలకడగా పెట్టి వెనక సీట్లో వాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడండి. మీ గొంతు పెంచాల్సి వస్తోందా? గాలి హోరు అద్దాల దగ్గరా, టైర్ల చప్పుడు కింద నుంచా? ఎనభై నుంచి లారీని దాటడానికి గట్టిగా తొక్కి చూడండి. క్యూ3 ఇక్కడ మిగతా రెండు పెట్రోల్ కార్లనీ వెనకేస్తుంది, అందులో సందేహమే లేదు. జీఎల్ఏ 220డీ కూడా తక్కువ తినలేదు, ఆ 400 ఎన్ఎం టార్క్ తొక్కగానే ముందుకు నెడుతుంది. ఎక్స్1 డీజిల్ హడావిడి లేకుండా తన పని తాను చేసుకుపోతుంది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష ఇంటి దగ్గర. కారుని మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దింపండి. ర్యాంప్ మొదట్లో ముందు బంపర్ తగులుతోందా, మలుపులో ఒక్కసారికే తిరుగుతోందా, మీ పార్కింగ్ గళ్లో పెట్టాక పక్క స్తంభానికి తగలకుండా తలుపు తెరుచుకుంటోందా? ఐదుగురితో, మీ వీధి స్పీడ్ బ్రేకర్ దాటించండి. మన కాలనీల్లో ఆ స్పీడ్ బ్రేకర్లకి ఒక కొలతంటూ ఏముంది? ఎవరింటి ముందు వాళ్లు సిమెంటు పోసుకున్నదే కదా.

చేతుల అలవాటు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మాకు చెమటలు పట్టించింది ఇదే.

మారుతి, హ్యుందాయ్, టొయోటాల్లో ఇండికేటర్ కాడ స్టీరింగ్‌కి కుడివైపు ఉంటుంది. జర్మన్ కార్లలో ఎడమవైపు. కాబట్టి మొదటిరోజు ప్రతివాడూ తిరగాల్సిన చోటల్లా వైపర్లు ఆడిస్తాడు. నవ్వుకుని వదిలేస్తాం. కానీ మెర్సిడెస్‌లో ఆ కుడిచేతి కాడ వైపర్ కాదు, గేరు! పైకి కాస్త తడితే న్యూట్రల్, పూర్తిగా నెడితే రివర్స్, కిందికి నెడితే డ్రైవ్, చివర బొత్తాం నొక్కితే పార్కింగ్. బావగారు మైండ్‌స్పేస్ దగ్గర ఎడమకు తిరగబోతూ పదేళ్ల అలవాటుకొద్దీ ఆ కాడని పైకి తట్టారు. కారు న్యూట్రల్‌లోకి పోయింది. తొక్కితే ఇంజన్ అరుస్తోంది, కారు ముందుకి పోదు. వెనక బస్సు హారన్. ఆయన మొహం చూడాలి అప్పుడు. సేల్స్ అబ్బాయి మాత్రం చలించకుండా "మళ్లీ కిందికి అనండి సర్, అందరూ చేస్తారు" అన్నాడు. పది రోజుల్లో అలవాటైపోతుందట, నిజమే కావచ్చు. అయితే ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడుపుతుంటే, ఇంకో కారు మారుతియో హ్యుందాయో ఉంటే, ప్రతి ఒక్కరూ ఒకసారి నడిపి చూడాలి. అక్క నడిపి "నాకొద్దు బాబూ" అనేసింది. జీఎల్ఏ అక్కడితో వెనకబడింది.

ఏసీ మీటలది ఇంకో కథ. క్యూ3లో గుండ్రంగా తిప్పే మీటలున్నాయి. చూపు రోడ్డు మీదే ఉంచి తిప్పుకోవచ్చు. జీఎల్ఏలో కూడా స్క్రీన్ కింద వరసగా మీటలున్నాయి. ఎక్స్1లో ఏసీ అంతా స్క్రీన్ లోపలే. పాత బీఎండబ్ల్యూల్లో సీట్ల మధ్య ఉండే గుండ్రటి ఐడ్రైవ్ మీట కూడా ఇందులో తీసేశారు. చూడటానికి శుభ్రంగా ఉంది. నడుస్తున్న కారులో ఫ్యాన్ వేగం తగ్గించాలంటే మాత్రం వేలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాల్సిందే. నా దృష్టిలో ఇది ఎక్స్1కి ఉన్న పెద్ద లోపం. మా పిల్లలకి అదే పెద్ద ఆకర్షణ.

ఎండాకాలంలో వెళ్లగలిగితే మధ్యాహ్నం రెండింటికే వెళ్లండి. కారుని అరగంట ఎండలో నిలబెట్టమని, అప్పుడు ఎక్కి ఏసీ వేసి, వెనక సీటుకి చల్లదనం ఎంతసేపట్లో చేరుతుందో చూడండి. పైన అద్దం కప్పు కింద ఉన్న తెర ఎంత వేడి ఆపుతోందో చేత్తో తాకి చూడండి. ముందే చల్లబరచిన కారులో ఈ సంగతులేవీ తెలియవు.

డీజిలా, పెట్రోలా, కరెంటా

రోజూ ఐదారు కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్లి రావడం, అంతే మీ తిరుగుడైతే డీజిల్ వద్దు. ఇప్పటి డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది. అది తనని తాను కాల్చుకుని శుభ్రపడాలంటే కారు కాసేపు హైవే మీద వేడిగా పరిగెత్తాలి. చిన్న చిన్న దూరాలు తిప్పుతూ ఉంటే అది నిండిపోయి, హెచ్చరిక దీపం వెలిగి, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. నెలకోసారి ఖమ్మమో, విజయవాడో వెళ్లే అలవాటుంటే డీజిల్ బేషుగ్గా ఉంటుంది.

మూడో వారం బావగారికి కరెంటు కారు మీద మనసు పోయింది. కారణం ఉంది. బీఎండబ్ల్యూ ఎక్స్1నే సాగదీసినట్టుండే ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్ 2025 జనవరిలో 49 లక్షల ఎక్స్-షోరూమ్ ధరతో వచ్చింది. వీల్‌బేస్ 2800, అంటే మామూలు ఎక్స్1 కంటే 108 మిల్లీమీటర్లు ఎక్కువ. 204 హార్స్‌పవర్. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు కరెంటు కార్లకి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఈ ధరలో పెట్రోల్ కారుకి లైఫ్ టాక్స్ 18 శాతానికి తగ్గదు. 49 లక్షల మీద 18 శాతమంటే 8 లక్షల 82 వేలు! జీఎస్టీ కూడా కరెంటు కార్లకి 5 శాతమే, ఈ పెట్రోల్, డీజిల్ కార్లకి 40.

కరెంటు కారు టెస్ట్ డ్రైవ్‌లో రెండు విషయాలు విడిగా చూడాలి. ఒకటి రేంజ్. కంపెనీ చెప్పే 531 కిలోమీటర్లని పక్కన పెట్టి, మీ రూటులో ఇరవై కిలోమీటర్లు తిరిగాక స్క్రీన్ మీద వంద కిలోమీటర్లకి ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. బ్యాటరీ 66.4 యూనిట్లది. వందకి 17 చూపిస్తే 390 కిలోమీటర్ల దాకా వస్తుంది, 20 చూపిస్తే 330. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, వెళ్లొచ్చు. విశాఖ అయితే మధ్యలో ఆగాల్సిందే. రెండోది, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే కారు తనంతట తానే బ్రేక్ పట్టే పద్ధతి. నడిపేవాడికి సరదాగా ఉంటుంది, వెనకవాళ్లకి కడుపులో తిప్పుతుంది. అత్తయ్యగారు గచ్చిబౌలి చేరేలోపే కిటికీ దింపమన్నారు. దాన్ని తక్కువలో పెట్టాక సర్దుకుంది. బ్యాటరీ నేల కింద ఉండటంతో వెనక నేల కూడా కాస్త ఎత్తుగా ఉంటుంది. కాళ్లకి చోటు బోలెడంత ఉన్నా, మోకాళ్ల సంగతి మళ్లీ చూసుకోవాలి.

అంతా బాగుందనుకుంటుంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అడ్డం తిరిగింది. సెల్లార్‌లో చార్జర్ పెట్టుకోవడానికి కుదరదన్నారు. మీటింగ్ పెడతామన్నారు, పెట్టలేదు. ఇంట్లో చార్జింగ్ లేకుండా కరెంటు కారు కొనమని నేనెవరికీ చెప్పను. సొంతిల్లు, సొంత మీటరు ఉన్నవాళ్లైతే మాత్రం పైన చెప్పిన మూడింటికంటే ముందు దీన్నే నడిపి చూడండి.

రెండోసారి, రాత్రిపూట

రెండు కార్లు మిగిలాక ఇంకోసారి వెళ్లండి, ఈసారి చీకటి పడ్డాక. హెడ్‌లైట్లు మలుపులో ఎంత దూరం చూపిస్తున్నాయి, ఎదురు లైట్లు పడితే స్క్రీన్ వెలుగు అద్దంలో మెరుస్తోందా, వెనక కెమెరా చీకట్లో ఏమైనా చూపిస్తోందా అన్నవి పగలు తెలియవు. మీకు అమ్మబోయే వేరియంటే అడిగి నడపండి. డెమో కారు టాప్ మోడల్, మీరు కొనేది దాని కింది మోడల్ అయితే మీరు నడిపింది వేరే కారు కిందే లెక్క. చక్రాల సైజు కూడా అదే ఉండాలి.

ధర మాట్లాడేటప్పుడు పాత కొటేషన్లు, బంధువులు రెండేళ్ల కిందట కొన్న రేట్లు తీసేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు పోయి ఒకే 40 శాతం జీఎస్టీ అయింది, ధరలు కిందికొచ్చాయి. ఆన్‌రోడ్ ధరని ముక్కలుగా రాయించుకోండి. పది లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే టాక్సు, పట్టుకుంటారు, అది ఖర్చు కాదు, మీ ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో సర్దుబాటవుతుంది. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని లేదు, బయట అడిగి తెచ్చిన రేటు వాళ్ల ముందు పెట్టండి. హ్యాండ్లింగ్ చార్జీలని ఏదైనా కనిపిస్తే దేనికని అడగండి. జిల్లాల్లో ఉండేవాళ్లు ఇంకో ప్రశ్న వేయాలి: సర్వీస్ సెంటర్ ఎంత దూరం, కారు దారిలో ఆగితే లాక్కెళ్లే బండి ఎక్కడి నుంచి వస్తుంది? రెండు వందల కిలోమీటర్ల అవతలి సర్వీస్ సెంటర్ బోర్డు మీదే బాగుంటుంది.

ఇక ఎవరికి ఏది అంటే, నా లెక్క ఇది. మీరే నడుపుతారు, వెనక ఎప్పుడో గానీ ఎవరూ కూర్చోరు, పెట్రోలే కావాలి అంటే క్యూ3, పాత తరమైతే గట్టిగా బేరమాడి. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు, నెలనెలా ఊరి ప్రయాణం ఉంటే ఎక్స్1 డీజిల్. స్క్రీన్‌లో ఏసీకి అలవాటు పడాలి, తప్పదు. జీఎల్ఏ 200ని ఈ మూడింటిలో చివర పెడతాను. 220డీ అలా కాదు, మూడు కంపెనీల్లో నాకు బాగా నచ్చిన ఇంజన్ అదే. ధర చూశాకే కొంచెం వెనక్కి తగ్గాను. మెర్సిడెస్ మూడు కొనల నక్షత్రం మీదే మనసుంటే ఈ లెక్కలేవీ పనిచేయవు, ఆ సంగతి నాకూ తెలుసు.

బావగారు ఎక్స్1 డీజిల్‌కి అడ్వాన్స్ ఇచ్చారు. డెలివరీకి ముందు యార్డులో కారు చూడటానికి వెళ్లినప్పుడు తయారైన నెల చూశాం, టైర్ల మీద తేదీ చూశాం, ఎండలో నిలబెట్టి రంగు చూశాం. అక్క కుడిచేత్తో ఇండికేటర్ వేయబోయి వైపర్లు ఆడించింది.